డాక్టరుకు చెప్పని మందు

మా ఆయన పనిచేసే ల్యాబ్‌లో ఒకరోజు పైపెరిడిన్ సీసా కింద పడి పగిలింది. పైపెరిడిన్ వాళ్లు రోజూ వాడే రసాయనం. కుళ్లిన చేపల మీద అమ్మోనియా పోసినట్టుంటుందట దాని వాసన. గదిలో ఉన్న నలుగురూ ముక్కులు మూసుకుని బయటికి పరుగెత్తారు. మా ఆయన మాత్రం తన బల్ల దగ్గరే నిలబడి రీడింగులు రాసుకుంటున్నారు. జూనియర్ శ్రీను వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆయన నవ్వుతూ చెప్పారు. "శ్రీనుగాడు ఏమంటున్నడో ఎరుకేనా? అన్న ముక్కు అద్దాలు ఆనడానికే ఉన్నది, వాసనకు కాదు అంటున్నడు."

నేనూ నవ్వాను. జలుబు చేసి ఉంటుందనుకున్నాం. అది పార్కిన్సన్స్‌లో చాలామందికి అందరికంటే ముందు వచ్చే లక్షణమని మాకు రెండున్నరేళ్ల తర్వాత తెలిసింది.

నా పేరు సువార్త. నాచారంలో ఒక స్కూల్లో లైబ్రేరియన్‌గా పని చేస్తున్నాను. మా ఆయన పేరు ప్రభుదాస్. ఇద్దరివీ జనగామ వైపు ఊళ్లు. మాకు పిల్లలు లేరు. ఆయన ఎమ్మెస్సీ చదివి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక చిన్న కంపెనీలో ఇరవై రెండేళ్లు పెప్టైడ్లు తయారుచేశారు. పెప్టైడ్ అంటే ప్రొటీన్‌లో ఒక ముక్క అనుకోవచ్చు. వాళ్లు చేసిన పెప్టైడ్ చివరికి దూదిలాంటి తెల్లటి పొడిగా వస్తుంది. అలాంటివి మందులుగా మారతాయి. ఎక్కువ భాగం మారవు.

వాసన పోయిన తర్వాతి ఏడాది కుడి భుజం నొప్పి మొదలైంది. ఉప్పల్‌లో ఎముకల డాక్టరు ఫ్రోజన్ షోల్డర్ అన్నారు. నాలుగు నెలలు ఫిజియోథెరపీ చేయించాం. నొప్పి తగ్గింది కానీ నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం మానేసింది. ఆయన గమనించలేదు. నేను గమనించాను కానీ నొప్పి వల్ల అలవాటైందనుకున్నాను. తర్వాత చేతిరాత చిన్నదైంది. ల్యాబ్ నోట్‌బుక్‌లో పేజీ మొదట్లో మామూలుగా ఉన్న అక్షరాలు కిందికొచ్చేసరికి చీమల్లా అయ్యేవి. అప్పుడు ఆయనే నెట్‌లో చదివి, "న్యూరాలజిస్ట్ దగ్గరికి పోదాం" అన్నారు.

న్యూరాలజిస్ట్ ఒక పెద్ద ఆస్పత్రిలో పనిచేసే డాక్టరమ్మ. బొటనవేలికి చూపుడువేలు కొట్టిస్తూ కాసేపు చూశారు. కారిడార్‌లో నడిపించారు. వెనక నుంచి భుజాలు పట్టుకుని ఒక్కసారి లాగారు. MRI తీయిస్తే నార్మల్ వచ్చింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"MRI నార్మల్ అంటే జబ్బు లేదని కాదమ్మా. వేరే జబ్బులు లేవని" అన్నారు డాక్టరమ్మ. "ఇది పార్కిన్సన్స్. మెదడులో కదలికలను నడిపే డోపమైన్ తగ్గిపోతోంది. లెవోడోపా మొదలుపెడదాం."

అప్పటికి ఆయనకు యాభై రెండేళ్లు.

మా ఆయన అడిగారు: "డోపమైనే ఇయ్యొచ్చు గద మేడం. అది బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ దాటదు గాబట్టి లెవోడోపా ఇస్తరు. అంతేనా?"

"మీకు తెలుసే."

"మా ల్యాబ్‌ల చేసేది గదే పని మేడం. దాటని దాన్ని దాటించుడు."

అది నిజమే. ఆ ఏడాదే వాళ్ల కంపెనీకి ఒక విదేశీ క్లయింట్ నుంచి ఆ పని వచ్చింది. కదలికల జబ్బులకు పనికొస్తుందనుకుంటున్న ఒక పెప్టైడ్. మెదడులోని రక్తనాళాల గోడ, ఆయన చెప్పిన బ్యారియర్ అదే, దాన్ని లోపలికి రానివ్వదు. రక్తంలో కూడా కొద్ది నిమిషాల్లోనే ముక్కలైపోతుంది. అందుకని దానికి ఒకసారి కొవ్వు తోక తగిలించేవారు, ఒకసారి చక్కెర అణువు తగిలించేవారు, ఇంకోసారి గోడలోని ఏదో ఒక తలుపు గుర్తుపట్టేలా ఆకారం మార్చేవారు. వాళ్లు చేసి పంపుతారు, క్లయింట్ ఎలుకల్లో చూసుకుంటాడు. ఆ పెప్టైడ్ పేరు నేను ఇక్కడ రాయను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

మొదట్లో లెవోడోపా వేసుకోగానే వికారంగా ఉండేది. "కొన్నాళ్లు ఏదైనా తిని వేసుకోండి" అన్నారు డాక్టరమ్మ. మేము ఆ మాటను గట్టిగా పట్టుకున్నాం. పొద్దున రెండు ఉడకబెట్టిన గుడ్లు, గ్లాసు పాలు, వాటితో గోలీ. మధ్యాహ్నం పప్పో, కూరో, ఆదివారం చర్చి నుంచి వచ్చాక మటనో, వాటితో గోలీ. వికారం రెండు నెలల్లో పోయింది. అలవాటు పోలేదు. జబ్బు మనిషికి బలం కావాలని మా ఆడపడుచు ఫోన్‌లో రోజూ చెప్పేది. నేను గుడ్లు రెండు నుంచి మూడు చేశాను.

రెండేళ్లు బాగానే గడిచాయి. మూడో ఏడు గోలీ ప్రభావం మధ్యలోనే తగ్గడం మొదలైంది. డాక్టరమ్మ డోసు పెంచారు. కొన్ని మధ్యాహ్నాలు ల్యాబ్‌లో ఆయన కాళ్లు నేలకు అంటుకుపోయేవి. తలుపు దాటాలంటే గడప దగ్గర ఆగిపోయేవారు. శ్రీను ఎదురుగా నిలబడి "లెఫ్ట్, రైట్, అన్నా, పరేడ్" అంటే కదిలేవారు. ఆయనకు ఒకటే భయం: బల్ల దగ్గర నిలబడలేకపోతే పని పోతుంది. పని లేకుండా ఇంట్లో కూర్చోవడం ఆయన ఊహకు కూడా అందేది కాదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో క్లయింట్ నుంచి ఒక మాట వచ్చింది. మా ఆయన ల్యాబ్ పంపిన వాటిలో ఒకటి ఎలుకల మెదడులోకి కొంత చేరుతోందట. ల్యాబ్‌లో అందరూ సమోసాలు తెప్పించుకున్నారు. మా ఆయన ఇంటికొచ్చి చెప్తుంటే ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత కదలిక కనిపించింది.

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలు, శ్రమల దినాలు, మొదలైన వారం, కరివేపాకు కోసం ఫ్రిజ్ తెరిస్తే వెనక ఒక చిన్న థర్మాకోల్ డబ్బా కనిపించింది. లోపల ఐదారు చిన్న గాజు సీసాలున్నాయి. లేబుల్ మీద ఆయన చేతిరాత, అదే చీమల రాత.

"ఇదేంది?" అని అడిగాను.

ఆయన కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నించి మళ్లీ కూర్చున్నారు. "గా పెప్టైడ్‌దే, శుద్ధి చేసినంక మిగిలిన ఫ్రాక్షన్. పారేయాల్సిందే. పారేసినట్టే రాసిన."

"ఇంటికెందుకు తెచ్చిన్రు?"

"ముక్కుల చుక్కలేసుకుంటున్న. నాలుగు దినాలాయె."

"ఎలుకలకు ఇచ్చేది గదా?"

"ముందుగాల ఎలుకలకే ఇస్తరు, సువార్తా. మనుషుల దాకా రావాల్నంటే పదేండ్లు. పదేండ్లకు నేను ఎట్లుంట?"

"డాక్టరమ్మకు చెప్దాం."

"చెప్తే ఆమె ఆపమంటది. కంపెనీకి తెలిస్తే పని పోతది. ఈ చేతులతోని ఇంకెవడిస్తడు నాకు పని? నోరు మూసుకోని ఉండు, నలభై దినాలు. అంతే అడుగుతున్న."

నేను చదువుకున్నదాన్ని. పుస్తకాల మధ్య బతికినదాన్ని. మనుషుల మీద పరీక్షించని మందు అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా సరేనన్నాను. ఆయన ముఖం చూసి అన్నాను. డబ్బా ఉన్నచోటే పెట్టేశాను.

మేము ఆ నలభై రోజులు పగలు ఉపవాసం ఉంటాం. మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోం. సాయంత్రం ప్రార్థన అయ్యాక అన్నం, చారు, ఏదో ఒక కూరగాయ. మాంసం, గుడ్లు, పాలు ముట్టం. జబ్బు మనిషివి, నీకెందుకని పాస్టర్ గారే చెప్పారు. ఆయన వినలేదు. గోలీలు మాత్రం వేళకు నీళ్లతో వేసుకునేవారు.

పది రోజుల్లో తేడా వచ్చింది. ఇది నేను ఊహించుకున్నది కాదు. చొక్కా గుండీలు ఆయనే పెట్టుకున్నారు. ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కారు. ఫ్లాట్ బయట కారిడార్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, స్టాప్‌వాచ్‌తో చూసి, ప్రతిరోజూ రాసుకున్నారు. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు తీసుకుని ధ్యానిస్తారు. ఆయనకు ఐదో మాట ఇచ్చారు. పావుగంట మైకు ముందు నిలబడ్డారు. గొంతు కూడా వెనక వరుస దాకా వినపడింది. ఆరాధన అయ్యాక శ్రీను ఫోన్ చేస్తే, "ఎట్లున్నవ్ అన్నా" అన్నదానికి, "మస్తుగున్న. నీ పరేడ్ బంద్" అన్నారు.

చుక్కలు పని చేస్తున్నాయని ఆయన నమ్మారు. నేనూ నమ్మాను. ఇన్నాళ్లు ఎవరి కోసమో చేసిన పని చివరికి ఆయనకే పనికొచ్చిందనుకున్నాం.

ఈస్టర్ నాడు మటన్ వండాను. సోమవారం నుంచి గుడ్లు, పాలు మామూలే.

వారం తిరగకుండా మళ్లీ కాళ్లు అంటుకుపోవడం మొదలైంది. ఆయన చుక్కలు పెంచారు. లాభం లేదు. అప్పుడు ఆయన ఆలోచించిన తీరు పూర్తిగా ల్యాబ్ మనిషి తీరు. "రెండు మందులు కలిస్తే ఏది పనిచేస్తున్నదో తెల్వదు. ఒకటి ఆపి చూడాలె" అన్నారు. ఆపింది లెవోడోపా. మొదట సగం చేశారు. సగం చేసిన సంగతి నాకు తెలుసు. తర్వాత మొత్తం మానేశారు. అది నాకు తెలియదు. స్ట్రిప్‌లోంచి గోలీ తీసి డస్ట్‌బిన్‌లో వేశారని తర్వాత తెలిసింది.

నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి నేను స్కూలుకు బయల్దేరుతూ లేపబోతే ఆయన కట్టెలా ఉన్నారు. ఒళ్లు కాలిపోతోంది. చెమటతో దుప్పటి తడిసింది. మోచేయి వంచబోతే వంగలేదు. కళ్లు తెరిచి ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. అంబులెన్స్‌లో ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఆగిన ఆ కాసేపు నేను దేన్నీ ప్రార్థించలేదు. లెక్కబెట్టినట్టు ఒకటే మాట అనుకున్నాను: చెప్పాలి, చెప్పాలి.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు ఇన్‌ఫెక్షన్ అనుకున్నారు. బ్లడ్ కల్చర్, ఎక్స్‌రే అన్నీ చేయించారు. కండరాలు దెబ్బతింటే పెరిగే CPK చాలా ఎక్కువ వచ్చింది. మధ్యాహ్నానికి మా డాక్టరమ్మ వచ్చారు. అప్పటికి సెలైన్ ఎక్కి ఆయనకు కొంచెం తెలివి వచ్చింది.

"ప్రభుదాస్ గారూ, గోలీలు ఏమైనా ఆపారా?"

ఆయన నాలుక కదలడం లేదు. తల మాత్రం అడ్డంగా ఊపారు. లేదని. తర్వాత నా వైపు చూశారు. ఆ చూపు ఏమడుగుతోందో నాకు తెలుసు.

డాక్టరమ్మ కూడా నా వైపు తిరిగారు. "చెప్పండమ్మా. లెవోడోపా ఉన్నట్టుండి ఆపితే ఇలాగే అవుతుంది. ప్రాణానికే ప్రమాదం. అది కాదంటే నేను వేరే దారిలో వెతకాలి. అంత టైం లేదు."

"ఆపిండు మేడం" అన్నాను. "సగం చేసిండని నాకు ఎరుకే. మొత్తం ఆపిండో లేదో తెల్వదు. ఇంకొకటి గూడ ఉన్నది." బ్యాగులోంచి సీసా తీసి ఆమె చేతిలో పెట్టాను. పొద్దున బయల్దేరేటప్పుడే తీసుకొచ్చాను. "ముక్కుల ఏసుకుంటున్నడు. రెండు నెలల సంది. వాళ్ల ల్యాబ్‌ది."

ఆయన కళ్లు మూసుకున్నారు.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. సీసా లేబుల్ చదివి, ఫొటో తీసుకుని, "ముందు ప్రాణం సంగతి చూద్దాం" అన్నారు. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేసి లెవోడోపా పొడి చేసి ఇవ్వడం మొదలుపెట్టారు. ఐసీయూలో ఎనిమిది రోజులు. మూడో రోజుకు జ్వరం దిగింది. ఐదో రోజుకు మోచేయి వంగింది.

ఐసీయూలో ఒకరోజు డాక్టరమ్మ సిస్టర్‌తో అంటున్న మాట నా చెవిన పడింది. "ప్రొటీన్ ఫీడ్, లెవోడోపా కలిపి వేయకండి. గంట తేడా ఉండాలి." ఎందుకని నేను అడిగాను. ఆమె నిలబడి చెప్పారు. మనం తిన్న మాంసం, గుడ్డు, పాలు అరిగితే చిన్న ముక్కలవుతాయి. లెవోడోపా కూడా చూడటానికి అలాంటి ముక్కే. పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి రెండూ ఒకే తలుపుల్లోంచి వెళ్లాలి. గుడ్లు ముందు వచ్చి నిలబడితే మందు బయటే ఆగిపోతుంది.

తర్వాత ఆమె అడిగారు. "మధ్యలో చాలా బాగా నడిచారన్నారు కదా. ఎప్పుడు?"

"శ్రమల దినాలల్ల."

"అప్పుడు ఏం తినేవారు?"

నేను చెప్పాను. చెప్తుండగానే నాకు అర్థమైంది. ఆమె కూడా తల ఊపారు. "మొదట్లో తిని వేసుకోమన్నది నేనే. వికారం తగ్గాక మార్చుకోమని చెప్పానో లేదో నాకు గుర్తులేదు. చెప్పి ఉండాల్సింది."

"మరి ఆ చుక్కలు ఏమన్న పనిచేసినయా మేడం?"

"తెలియదమ్మా. ఉపవాసం, చుక్కలు ఒకే వారంలో మొదలయ్యాయి. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

ఆయనను వార్డుకు మార్చాక శ్రీను వచ్చినప్పుడు నేను ఈ సంగతి చెప్పాను. మా ఆయన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "కంట్రోల్ వెట్టలే" అన్నారు. ఏదీ మార్చకుండా ఒక నమూనాను పక్కన పెట్టుకుని పోల్చకపోతే అది ప్రయోగమే కాదని ఆయన జూనియర్లకు చెప్పే మొదటి పాఠం.

శ్రీను మంచం చివర కూర్చుని ఆయన కాలు నొక్కుతూ అన్నాడు. "గదే తప్పు నేను జేస్తే నోట్‌బుక్ ముఖాన కొడుతుంటివి గదా అన్నా." మా ఆయన నవ్వబోయారు. దగ్గు వచ్చింది. శ్రీను తల తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఆయన తనే కంపెనీకి వెళ్లి మేనేజర్‌కు అంతా చెప్పారు. నేను వెళ్లమనలేదు. వాళ్లు గొడవ చేయలేదు, రాజీనామా అడిగారు. ఇచ్చేసి ఆటోలో ఇంటికి వచ్చారు. ఆ తర్వాత నెలన్నర నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. "నీళ్లు", "గోలీ టైం", అంతే. నాకు కోపం రాలేదని అంటే అబద్ధం. వచ్చింది. స్కూల్లో పుస్తకాలకు అట్టలు వేస్తూ ఆ కోపం దిగమింగాను.

గోలీ తిండికి ముప్పావుగంట ముందు, నీళ్లతో. పగలు ప్రొటీన్ తక్కువ, గుడ్డు, పప్పు, మాంసం రాత్రి భోజనంలో. ఇది డైటీషియన్ రాసిచ్చిన పద్ధతి. అందరికీ ఇదే సరిపోదు, బరువు తగ్గిపోయేవాళ్లు ఉంటారు, కాబట్టి అడిగి చేయాలి. మాకు సరిపోయింది. రెండు నెలల్లో ఆయన మళ్లీ మెట్లెక్కారు. ఈసారి రెయిలింగ్ పట్టుకునే. ఇంటి దగ్గర ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టారు. గోలీ సమయానికి పాఠం ఆపేవారు. నాలుగేళ్లు అలా గడిచాయి. అవి చెడ్డ ఏళ్లు కావు. ఆర్గానిక్ కెమిస్ట్రీ అర్థం కాని పిల్లలను ఆయన అంత ఓపికగా భరిస్తారని నాకు అంతకుముందు తెలియదు.

వాటిలో చివరి ఏడాది మింగడం కష్టమైంది. పోయిన వర్షాకాలంలో న్యుమోనియా వచ్చింది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉండి వెళ్లిపోయారు.

వెళ్లిపోయే ముందు వారం ఒక మధ్యాహ్నం ఆయన అడిగారు. మేము ఆ విషయం నాలుగేళ్లుగా ఎత్తలేదు.

"ఆ దినం డాక్టరమ్మకు నువ్వెందుకు చెప్పినవ్?"

"చెప్పకుంటే మీరు పోతుంటిరి."

ఆయన తల ఊపారు. ఒప్పుకున్నట్టే ఉంది. ఒక్కో మాటకు ఊపిరి తీసుకుంటూ అన్నారు.

"మరి డబ్బా దొరికిన దినమే ఎందుకు చెప్పలే?"

మీరు వద్దన్నారు కదా అని అనొచ్చు. అనలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజే చెప్పి ఉంటే ఆమె తిండి సంగతి అడిగేది. ఆయన గోలీలు ఆపేవారు కాదు. చుక్కలు పనిచేశాయో లేదో తేల్చుకునే సరైన దారి కూడా ఉంటే ఆమె చెప్పేది. పని పోయేది, నిజమే. ఎలాగూ పోయింది.

ఇప్పుడు నేను నాచారంలో అదే ఫ్లాట్‌లో ఉంటున్నాను. స్కూలుకు వెళ్తున్నాను. మెదడులోకి మందును చేర్చే పని చాలాచోట్ల జరుగుతూనే ఉందని శ్రీను అప్పుడప్పుడు ఫోన్ చేసి చెబుతాడు. జరగాలి. దాని మీద నాకు కోపం లేదు. అది మనుషుల దాకా వచ్చేటప్పుడు డాక్టర్ల చేతుల మీదుగా, రాసి పెట్టుకుని, పోల్చి చూసి వస్తుంది. అలాంటి ట్రయల్ ఏదైనా ఉందేమో మీ న్యూరాలజిస్ట్‌ను అడగండి, అడగడంలో తప్పు లేదు.

పోయిన నెల మా చర్చిలో ఒకామె ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. ఆమె భర్తకు ఇదే జబ్బు. ఎవరో తెలిసినాయన ఇచ్చిన పొడి రెండు వారాల నుంచి వేసుకుంటున్నాడట. "మంచిగనే ఉన్నదక్కా. డాక్టర్‌కు చెప్తే కోపానికొస్తడని ఈయన అంటున్నడు. ఏం చెయ్యాలె?"

నేను ఆమె ఫోన్ తీసుకుని డాక్టరు నంబరు వెతికించాను. అక్కడే, చర్చి మెట్ల మీదే మాట్లాడించాను. ముందు భర్త ఇష్టం కనుక్కోమని ఆమెకు చెప్పలేదు.

మీకూ అదే చెబుతున్నాను. డాక్టరుకు తెలియని మందు ఏదైనా మీ ఇంట్లోకి వస్తే, అది మంచి చేస్తున్నట్టు కనిపించినా సరే, వచ్చిన రోజే చెప్పండి. జబ్బు మనిషి వద్దంటే, వద్దన్నాడని కూడా చెప్పండి. ఆయన కొన్నాళ్లు మీతో మాట్లాడకపోవచ్చు. తట్టుకోవచ్చు, నేను తట్టుకున్నాను.